మాల తీసిన మర్నాడు

బిక్షం గురుస్వామి ఇరవై ఆరుసార్లు శబరిమల ఎక్కిన మనిషి. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాక ఆయనకు మిగిలిన పని ఇదొక్కటే. కార్తీకం వచ్చిందంటే రాంగోపాల్‌పేట్‌లో హనుమాన్ గుడి పక్కనున్న రేకుల షెడ్డులో అయ్యప్ప పీఠం పెడతాడు. నల్లబట్టలు కట్టి, వచ్చినవాళ్లందరికీ తన చేత్తో మాల వేస్తాడు. పెయింటర్లు, ఆటోవాళ్లు, మోండా మార్కెట్‌లో మూటలు దించేవాళ్లు, బట్టల దుకాణాల్లో పనిచేసేవాళ్లు - ఏటా పాతిక ముప్ఫై మంది ఆయన వెంట కొండకు వెళ్లివస్తారు.

వాళ్లలో సగానికి పైగా తాగేవాళ్లేనని బిక్షానికి తెలియక కాదు. మాల మెడలో ఉన్న నలభై ఒక్క రోజులు చుక్క ముట్టరు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం, నేలమీద పడక. ఆ రోజుల్లో బస్తీలో ఏ ఇంట్లోంచీ అరుపులు వినబడవు. ఆడవాళ్ల మొహాలు తేటపడతాయి. తీరా కొండ దిగి వచ్చి మాల తీశాక, మర్నాటికల్లా సగం మంది మళ్లీ వైన్ షాపు ముందు తేలతారు. దీక్ష ఉన్నన్నాళ్లే తన పూచీ అనుకునేవాడు బిక్షం. తరవాత ఎవరి బతుకు వాళ్లది.

ఆ ఏడు పీఠం పెట్టిన నాలుగో రోజు పొద్దున బస్తీ దవాఖానా నర్సు మేబెల్ వచ్చింది. ఆ చుట్టుపక్కల చంటిపిల్లల్లో ఆమె చేతి సూది పడనివాడు లేడు. చెప్పులు బయట విడిచి, షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడింది.

“గురుస్వామీ, ఒక మాట అడగాలె. కోపం చేయొద్దు.”

“అడుగు సిస్టరమ్మా.”

“మాల వేసే ముందర వీళ్లను ఒక్కసారి మా దగ్గరికి పంపిస్తరా? పొద్దుగాల లేవంగనే తాగేటోళ్లు ఉంటరు. అసుంటోళ్లు ఒక్కసారే బంద్ చేస్తే రెండో రోజో మూడో రోజో పానం మీదికొస్తది. చేతులు వణుకుతయ్, లేనివి కనబడ్తయ్, ఫిట్స్ వస్తయ్. ముందుగాల గోలీలు ఇస్తే ఆ తక్లీఫ్ ఉండదు.”

బిక్షం చేతిలోని పూలదండ కింద పెట్టాడు. “ఇది పీఠం తల్లీ. తాగుడు మాన్పించే సెంటర్ గాదు. మాల వేసుకున్నంక స్వామే చూసుకుంటడు.”

“స్వామి చూసుకుంటున్నడు గాబట్టే వచ్చిన. మా డాక్టరమ్మ నెలల కొద్దీ తిప్పుకున్నా ఒక్కణ్ని ఆపలేకపోతున్నది. మీరు నలబై ఒక్క రోజులు ఆపుతున్నరు. కానీ మాల తీసిన మర్నాడు ఏమైతున్నదో మీకు సుత ఎరికే గద.”

ఆ చివరి మాట బిక్షానికి గుచ్చుకుంది. “నువ్వు చర్చికి పోయేదానివి. మా దీక్ష సంగతి నీకేం తెలుస్తది?” అనేశాడు.

మేబెల్ మొహం కాస్త చిన్నబోయింది. “దీక్ష సంగతి నాకు తెల్వదు గురుస్వామీ. మూడో రోజు సంగతి తెలుసు,” అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఆ మాట విన్నప్పుడు బిక్షానికి పర్వతాలు అనే మనిషి గుర్తొచ్చాడు. గుర్తొచ్చినా ఆ తలపును పక్కకు నెట్టేశాడు.

పర్వతాలు పెయింటరు. పీఠం వెనక గోడమీద ఏటా పద్దెనిమిది మెట్లూ, పైన స్వామినీ బొమ్మ వేసేది అతనే. రెండేళ్ల కిందట, మాల వేసుకున్న మూడో రోజున, భజన మధ్యలో లేచి పిచ్చిపిచ్చిగా మాట్లాడాడు. ఒళ్లంతా వణికిపోయింది. తాగి వచ్చాడని అందరూ అన్నారు. బిక్షం ముప్ఫై మంది ముందర, “స్వామినే మోసం చేసినవ్,” అని తన చేత్తోనే అతని మాల తీసేశాడు. “తాగలే గురుస్వామీ, తాగలే,” అంటూనే పర్వతాలు గడప దాటాడు. నెల తిరక్కుండా బస్తీ ఖాళీ చేసి వెళ్లిపోయాడు. గోడమీద మెట్ల బొమ్మ వేసేవాళ్లు మళ్లీ దొరకలేదు.

మేబెల్ వచ్చి వెళ్లిన వారానికి లక్ష్మణ్ మాల వేసుకున్నాడు. మోండా మార్కెట్‌లో హమాలీ. ముప్ఫై నాలుగేళ్లుంటాయి. మాల వేసుకోవడం అదే మొదలు. అతని భార్య కల్పలత వెంట ఉండి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ చూసింది. అది సోమవారం.

బుధవారం మధ్యాహ్నం స్వాములంతా భిక్షకు వరసగా కూర్చున్నారు. బిక్షం అన్నం వడ్డిస్తూ వచ్చాడు. లక్ష్మణ్ దగ్గరికి వచ్చేసరికి విస్తరి ముందు అతని చేతులు ఒకటే వణుకు. చన్నీళ్లు పోసుకుని ఎంతోసేపు కాలేదు, అయినా ఒళ్లంతా చెమటలు.

“చీమలు,” అన్నాడు లక్ష్మణ్. అన్నంలోంచి ఏవో ఏరి పారేస్తున్నాడు. “అన్నం నిండ చీమలు స్వామీ.”

విస్తట్లో ఒక్క చీమ లేదు.

“స్వామి ఒంటిమీదికొచ్చిండు,” అని ఎవరో శరణుఘోష ఎత్తుకున్నారు. పీఠం కమిటీకి సెక్రటరీ సత్యదేవ్. ఏలూరు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా ఇక్కడ హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్న మనిషి. ఆయన లేచి నిలబడ్డాడు. “వచ్చింది స్వామి కాదండీ, సారా. నిష్ఠ తప్పాడు. పంపించెయ్యండి గురుస్వామీ. ఇలాంటివాళ్ల వల్లే పీఠం పేరు పోతోంది.”

బిక్షం కదల్లేదు. ఆ వణుకూ ఆ చెమటా ఆ చూపూ ఆయనకు కొత్త కాదు. వంగి లక్ష్మణ్ మొహానికి దగ్గరగా మొహం పెట్టి వాసన చూశాడు. విభూతి వాసన వచ్చింది, చెమట వాసన వచ్చింది. ఇంకేమీ లేదు. పర్వతాలు దగ్గర ఇలా వంగి చూడాలని కూడా తనకు తోచలేదు.

ఎవరో కబురు చేస్తే కల్పలత పరుగున వచ్చింది. “మూడు దినాల సంది ముట్టలే స్వామీ. నా మీద ఒట్టు. అంతకుముందైతే పొద్దుగాల పండ్లు తోముకోకముందే తాగుతుండె...”

ఆమె మాట పూర్తికాకుండానే లక్ష్మణ్ కళ్లు పైకి తేలాయి. వెనక్కి విరుచుకు పడి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

“మూడో రోజు,” అన్నాడు బిక్షం పైకే. అన్నం గిన్నె అక్కడే వదిలేసి, “ఆటో పిలువుండ్రి! సిస్టరమ్మ దగ్గరికి!” అని అరిచాడు.

బస్తీ దవాఖానా రెండు గల్లీల అవతల. మేబెల్ ఎదురొచ్చి ఆటోలోనే లక్ష్మణ్‌ను పక్కకు తిప్పి పట్టుకుంది. డాక్టర్ దేవిశ్రీ సూది ఇచ్చింది. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. “ఇక్కడ పెట్టుకునే కేసు కాదండీ. నాలుగైదు రోజులు ఆసుపత్రిలో ఉండాలి,” అని డాక్టరు అంబులెన్సు పిలిపించింది. “మెడలోవి తీసెయ్యండి. మళ్లీ ఫిట్స్ వస్తే బిగుసుకుంటాయి.”

కల్పలత భర్త మెడలోని మాలను రెండు చేతులా పట్టుకుంది. “మధ్యల తీస్తే అరిష్టం గాదా స్వామీ? మొన్ననే వేసుకున్నడు.”

అందరూ బిక్షం వంక చూశారు. ఇరవై ఆరేళ్లలో దీక్ష మధ్యలో ఆయన తీసిన మాల ఒక్కటే. అదీ కోపంతో తీసింది.

“పానం నిలబడితేనే గద దీక్ష నిలబడేది,” అన్నాడు బిక్షం. లక్ష్మణ్ తల మెల్లగా ఎత్తి మాల తీసి, కళ్లకద్దుకుని, కల్పలత చేతిలో పెట్టాడు. “ఇంట్ల స్వామి పటం ముందర పెట్టు మాతా. లేచినంక మళ్ల నేనే వేస్త. దోషముంటే నాది.”

పద్మారావు నగర్ పక్కనున్న పెద్దాసుపత్రిలో లక్ష్మణ్‌ను చేర్చారు. డ్యూటీ దిగి సాయంత్రం మేబెల్ వచ్చేసరికి బిక్షం వార్డు బయట బెంచీమీద ఉన్నాడు. నల్లపంచె, ఒట్టి కాళ్లు. పొద్దుటి నుంచీ ఏమీ తిన్నట్టు లేడు.

“మంచిగైతడు గురుస్వామీ. టైమ్‌కు తెచ్చిన్రు.”

బిక్షం తలూపాడు. “తేకపోతే?”

“చెప్పలేం. కొందరు బతుకుతరు, కొందరు పోతరు.”

“తాగినోనికి వస్తె అర్థముంది. తాగుడు బంద్ చేసినోనికి ఎందుకొస్తది సిస్టరమ్మా?”

మేబెల్ పక్కన కూర్చుంది. “ఏండ్ల కొద్దీ మందు మెదడును కిందికి వత్తిపెడ్తది. మెదడు సుత దాన్ని ఎదురుకోనీకి జోరుగ పనిచేసుడు అలవాటు చేసుకుంటది. ఒక్కసారే ఆ బరువు తీసేస్తే ఇగ ఆగదు. ఆ నాలుగు రోజులు గోలీలతోని మెల్లగ దించాలె. మందు మానేటోనికే ముందు మందు కావాలె.”

రైలు డబ్బాల కింద బిగిసిన స్ప్రింగులతో ముప్ఫై ఏళ్లు గడిపిన మనిషికి ఇంతకన్నా విడమర్చి చెప్పక్కర్లేదు. బిక్షం పర్వతాలు సంగతి మొదటి నుంచీ చెప్పాడు. ఏమీ దాచలేదు. మేబెల్ ఓదార్చలేదు, తప్పూ పట్టలేదు. “ఆయన ఉన్నడా?” అని మాత్రం అడిగింది.

“ఏమో.”

పెయింటు దుకాణాల్లో రెండు రోజులు వాకబు చేస్తే పర్వతాలు యాప్రాల్ వైపు పనులు చేస్తున్నాడని తెలిసింది. బిక్షం బస్సెక్కి వెళ్లాడు. కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్ల మధ్య, కంకర మీద ఒట్టి కాళ్లతో, ఒక్కో బిల్డింగు దగ్గరా అడుగుతూ తిరిగాడు. నాలుగో బిల్డింగులో, రెండో అంతస్తులో పర్వతాలు కనిపించాడు. గోడకు లప్పం పెడుతున్నాడు. మనిషి సగమైపోయాడు.

నల్లబట్టలు చూడగానే అతని నోట “స్వామి శరణం” అని వచ్చేసింది. ఎవరో పోల్చుకున్నాక నోరు బిగించి గోడవైపు తిరిగాడు.

“పర్వతాలూ, ఆ దినం నువ్వు తాగలే.”

లప్పం పూసే రేకు చేతిలోనే ఆగింది. “గిది చెప్పనీకి రెండేండ్లు పట్టిందా?”

“నాకు మొన్ననే ఎరికైంది.” బిక్షం లక్ష్మణ్‌కు జరిగిందీ, నర్సు చెప్పిందీ వివరంగా చెప్పాడు. పర్వతాలు వింటూ నిలబడ్డాడు. రేకుమీది లప్పం గట్టిపడిపోయింది.

“నాకు సుత ఎరిక లేకుండె,” అన్నాడు చివరికి. “నేనే ఏదో పాపం చేసిన గావచ్చు, అందుకే స్వామి గిట్ల జేసిండు అనుకున్న. రెండేండ్లు గదే అనుకుంట తాగిన.”

బిక్షం వంగి, లప్పం పడి తెల్లబారిన అతని పాదాలు ముట్టుకున్నాడు. పర్వతాలు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. “లే గురుస్వామీ! పనోళ్లు చూస్తున్నరు.”

“ఆ దినం ముప్పై మంది చూసిన్రు. ఇయ్యాల నలుగురే గద.”

పర్వతాలు ఆయన్ను లేపాడు గానీ మొహంలో కోపం పోలేదు. “మా బిడ్డ యామిని ఆ దినం ఆడనే ఉండె. పన్నెండేండ్ల పిల్ల. అప్పటి సంది మా నాయిన దొంగ స్వామి అనుకుంటున్నది. నాకు చెప్తే ఏమొస్తది? ఆమెకు చెప్పు.”

“తీసుకరా. ఆదివారం పీఠం కాడ, అందరి ముందర చెప్త.”

“చూస్త,” అన్నాడు పర్వతాలు. వస్తానని అనలేదు.

ఆదివారం భజన మొదలయ్యే వేళకు ఇద్దరూ వచ్చారు. యామిని తండ్రి కన్నా పొడుగ్గా ఎదిగింది. షెడ్డులోకి రాకుండా గుమ్మం దగ్గరే ఆగింది. బిక్షం పూజ ఆపించి లేచాడు. ఇరవై ఎనిమిది మంది స్వాములు, వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు, వెనక వరసలో మేబెల్, డాక్టర్ దేవిశ్రీ.

“రెండేండ్ల కింద ఈడనే నిలబడి పర్వతాలు మెడల మాల నేనే తీసిన,” అన్నాడు. “ఆయన తాగలే. తాగుడు ఆపినందుకు వచ్చిన బీమారీ అది. నేను తెలుసుకోలే. యామినమ్మా, తప్పు మీ నాయినది గాదు, నాది.”

యామిని చెప్పులు విడిచింది. తండ్రి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చి ఆడవాళ్ల పక్కన కూర్చుంది.

“ఇయ్యాల్టి సంది,” అన్నాడు బిక్షం, “మాల వేసుకునే ప్రతి ఒక్కడు ముందుగాల సిస్టరమ్మకు కనబడాలె. ఎంత తాగుతడో ఆమెకు నిజం చెప్పాలె. ఆమె సరే అంటేనే నేను మాల వేస్త.”

సత్యదేవ్ అడ్డం పడ్డాడు. “గురుస్వామీ, నలుగురూ ఏమనుకుంటారండీ? దేవుడి దగ్గరికి వచ్చినవాణ్ని ఎంత తాగుతావని అడుగుతామా?”

“కొండెక్కే ముందు గుండె మంచిగున్నదా అని అడుగుతలేమా సత్యదేవ్ స్వామీ? ఇదీ గంతే.”

నవ్వులు వినిపించాయి. సత్యదేవ్ నవ్వలేదు గానీ కూర్చున్నాడు. ఆ తరవాతి రెండు వారాల్లో ఆలస్యంగా మాల వేసుకోవడానికి వచ్చిన పదకొండు మందిని మేబెల్ చూసింది. ఇద్దరికి వారం రోజులు మాత్రలు వాడాకే బిక్షం మాల వేశాడు. లక్ష్మణ్ ఆసుపత్రి నుంచి లేచి వచ్చి మళ్లీ దీక్ష పట్టాడు. రోజులు మొదటి నుంచీ లెక్కపెట్టమని తనే అడిగాడు. పర్వతాలు మాల అడగలేదు. రెండు రోజులకోసారి యాప్రాల్ నుంచి వచ్చి దవాఖానాలో మాత్రలు మాత్రం తీసుకునేవాడు.

జనవరిలో కొండ దిగి వచ్చారు. పీఠం దగ్గర కొబ్బరికాయలు కొట్టి ఒక్కొక్కరి మాలా తీశాక, ఏటా అయితే మర్నాడే షెడ్డు ఖాళీ చేసేవాళ్లు. ఈసారి బిక్షం చాపలు తీయనివ్వలేదు. “రేపు సాయంత్రం ఆరింటికి అందరు రావాలె. చాయ్ తాగుదాం, మాట్లాడుకుందాం.”

మర్నాడు ఆరయింది. ఒక్కరూ రాలేదు. బిక్షం భార్య పెద్ద గిన్నెలో పెట్టిన అల్లం చాయ్ పొయ్యిమీద మరుగుతోంది. మేబెల్ గడియారం చూసుకుంటోంది. ఆరుంబావుకు లక్ష్మణ్, కల్పలత వచ్చారు. వాళ్ల వెనక ఇద్దరు ఆటోవాళ్లు. తరవాత పర్వతాలు. ఏడయ్యేసరికి పధ్నాలుగు మంది చాపలమీద కూర్చున్నారు. నల్లబట్టలు లేకుండా, గడ్డాలు తీసేసి, ఒకర్నొకరు ఏమని పిలవాలో తెలియక ఇబ్బందిగా నవ్వుకున్నారు. నిన్నటిదాకా అందరూ స్వాములే.

“ఎవరన్న మాట్లాడుండ్రి,” అంది మేబెల్.

పర్వతాలే గొంతు సవరించుకున్నాడు. “నేను మాల వేసుకోలే. గోలీలు వేసుకున్న. ముప్పై ఎనిమిది రోజులైంది. పోయిన వారం ఒక్కదినం మస్తు పరేషాన్ అయిన. దుకాణం దాకా పోయిన. మా బిడ్డ ఫోన్ చేసింది, మళ్లొచ్చిన. అంతే.”

ఆ మాటతో లక్ష్మణ్ మొదలుపెట్టాడు. తరవాత మరొకరు. కల్పలత కూడా మాట్లాడింది. ఈ నెలన్నరలో తను నిద్రపోయినంత నిద్ర పెళ్లయ్యాక ఎన్నడూ పోలేదంది. మాటలు సగంలో ఉండగా ఆటో నడిపే ఉదయ్‌కిరణ్ వచ్చి గుమ్మం దగ్గర తూలుతూ నిలబడ్డాడు. మాల తీసి ఇరవై నాలుగు గంటలు కాలేదు.

అలవాటుగా అందరూ బిక్షం వైపు తిరిగారు.

“వచ్చినవ్ గద, కూసో,” అన్నాడు బిక్షం. పక్కకు జరిగి చోటిచ్చాడు. భార్య అందించిన చాయ్ గ్లాసు అతని చేతిలో పెట్టి, గ్లాసు వణక్కుండా తనూ ఓ చెయ్యి వేసి పట్టుకున్నాడు.

ఇక ప్రతి ఆదివారం కలుద్దామనుకుని అందరూ వెళ్లాక చాపలు చుడుతుంటే సత్యదేవ్ వచ్చాడు. గంటసేపటి నుంచీ రోడ్డవతల కారులోనే కూర్చున్నాడట. మేబెల్‌ను పక్కకు పిలిచి, మెల్లగా, “ఇంట్లో ఒక్కణ్నే కూర్చుని తాగేవాళ్లు కూడా రావచ్చాండీ?” అని అడిగాడు. మేబెల్ వచ్చే ఆదివారం టైము చెప్పింది.

శివరాత్రి నాటికి ఆదివారాలు వచ్చేవాళ్లు తొమ్మండుగురు మిగిలారు. లక్ష్మణ్ రెండుసార్లు మాట తప్పి తాగాడు. రెండుసార్లూ మర్నాడే వచ్చి చెప్పాడు. ఉదయ్‌కిరణ్ ఒక వారం వస్తే ఒక వారం రాడు. డాక్టర్ దేవిశ్రీ మాత్రం, ఇరవై మందిని పిలిస్తే ఒక్కరు మిగిలే చోట తొమ్మండుగురంటే మాటలు కాదంటుంది.

ఒక సాయంత్రం బిక్షం, మేబెల్ కలిసి పద్మారావు నగర్‌లో మరో పీఠం నడిపే గురుస్వామిని కలిసి వస్తున్నారు. ఆయన వినీ వినగానే, కార్తీకం దాకా ఎందుకు, ఈ ఆదివారమే వచ్చి చూస్తానన్నాడు. ఆటోలో బిక్షం హుషారుగా ఉన్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

“మీ దాంట్ల సుత నలబై రోజులు ఉంటయ్ గద సిస్టరమ్మా? ఈస్టర్ ముందర?”

“ఉంటయ్. వచ్చే బుధవారం షురూ.”

“ఆ దినాలల్ల తాగుడు బంద్ చేసేటోళ్లు ఉంటరా?”

“మస్తుమంది ఉంటరు.” మేబెల్ నవ్వింది. “ఈస్టర్ పండుగనాడు మళ్ల షురూ జేస్తరు.”

“మరి మీ పాస్టర్‌కు చెప్పినవా?”

“రెండేండ్ల సంది చెప్తున్న. ప్రార్థన చేస్తే అన్నీ సర్దుకుంటయ్ అంటడు.”

బిక్షం ముందుకు వంగి ఆటో అతని భుజం తట్టి, “జెర చర్చి దిక్కు తిప్పు నాయినా,” అన్నాడు.